పేస్టు కాదు, దాని పేరు హెచ్‌ఎఫ్

(బెంగుళూరు పీణ్యలో ఒక ఆదివారం పొద్దున, ఫ్యాబ్రికేషన్ షాపుల్లో పనిచేసే తెలుగువాళ్ళ కోసం ఒక రిటైర్డ్ కెమిస్టు చేసిన ప్రసంగం. షిఫ్టు ఉండి రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వారానికి ఒక్కరోజు దొరికే సెలవు. ఇంట్లో పనులు పక్కనపెట్టి వచ్చారు. కొంతమంది నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చారు, మీ కళ్ళు చూస్తుంటేనే తెలుస్తోంది. గంటలోపు ముగిస్తాను. ముందు వరుసలో ఖాళీ ఉంది, వెనక నిలబడ్డవాళ్ళు రండి. అమ్మా, మీరు కూడా రండి, బాబుని ఇక్కడ కూర్చోబెట్టుకోవచ్చు.

ఈ బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టాను. ఒక తెల్ల ప్లాస్టిక్ సీసా. ఒక గాజు పలక. ఒక జెల్ ట్యూబు. ఒక జత రబ్బరు గ్లవ్స్. సీసాలో ఉన్నవి మంచినీళ్ళే, భయపడకండి. నేను మాట్లాడబోయే సరుకుని ఇలాంటి హాల్లోకి నేను తేను, ఎవర్నీ తేనివ్వను.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఎస్‌ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు, వెల్డింగ్ అయ్యాక జాయింటు పక్కన నీలంగా, పసుపుగా మాడిన చార పడుతుంది కదా. దాన్ని ఎలా తీస్తారు? బ్రష్షుతో తెల్లటి ముద్ద పూస్తారు. కాసేపు ఆగుతారు. నీళ్ళు కొడతారు. చార పోయి, లోహం మసక తెలుపుగా బయటపడుతుంది. ఆ ముద్దని మీ షాపులో ఏమంటారు? చెప్పండి, గట్టిగా. పేస్టు. ఇంకా? మిక్స్ యాసిడ్. ఇంకా? పికిలింగ్. ఆ చివర తమ్ముడు ఏమన్నాడు? సున్నమా? సున్నం అంటారట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇన్ని పేర్లు చెప్పారు. అసలు పేరు ఒక్కరూ చెప్పలేదు. తప్పు మీది కాదు, మీకు చెప్పినవాళ్ళు లేరు. డబ్బా మీద పేరు ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని మీద పేస్టు కారి ఎండిపోయి ఉంటుంది. కొన్ని షాపుల్లో పెద్ద డబ్బాలోంచి పెయింటు డబ్బాలోకి, పెయింటు డబ్బాలోంచి చిన్న మగ్గులోకి పోస్తారు. మగ్గు మీద పేరెక్కడుంటుంది? ఆ పేస్టులో రెండు యాసిడ్లు ఉంటాయి. ఒకటి నైట్రిక్. రెండోది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. పొట్టిగా హెచ్‌ఎఫ్. నాతోపాటు ఒకసారి అనండి. హెచ్‌ఎఫ్. ఇంకోసారి. హెచ్‌ఎఫ్. ఈ రెండక్షరాలు మీ నోట పలికించడానికే నేను ఇవాళ వచ్చింది. ఎందుకో చెప్తాను.

1998లో సంగతి. ఇక్కడే, పీణ్యలో ఒక షాపులో నేను షిఫ్టు కెమిస్టుని. షాపు పేరు వద్దు. హిందూపురం దగ్గర పల్లెటూరి కుర్రాడొకడు హెల్పరుగా చేరాడు. పంతొమ్మిదేళ్ళు. పని నేర్చుకోవాలని తపన ఉన్నవాడు. పాల డెయిరీకి ట్యాంకులు చేస్తున్నాం. ట్యాంకు లోపల జాయింట్లకి పేస్టు పూయడం అతని పని. సాయంత్రం నాలుగింటప్పుడు నా దగ్గరికొచ్చి, "సార్, గ్లవ్స్ లోపల తడి తగులుతోంది" అన్నాడు. కుడిచేతి చూపుడువేలు. పట్టుకుని చూశాను. ఏమీ లేదు. ఎర్రదనం లేదు, బొబ్బ లేదు. మంట ఉందా అన్నాను. లేదు సార్ అన్నాడు. కుళాయి కింద కడుక్కో, ఏం కాదులే, అన్నాను.

ఏం కాదులే. ఆ మాట అన్నది నేను. కెమిస్ట్రీ చదివినవాణ్ణి, ఆ డబ్బాలో ఏముందో తెలిసినవాణ్ణి. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు.

అప్పుడు నేను దాసరహళ్ళిలో ఉండేవాణ్ణి. రాత్రి పన్నెండున్నరకి అతని రూములో కుర్రాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. వెళ్ళి చూస్తే చెంబులో నీళ్ళు పోసుకుని, అందులో వేలు పెట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. "సార్, ఎముకని లోపల్నించి ఎవరో పిండుతున్నట్టుంది" అన్నాడు. వేలు చూశాను. అప్పుడు కూడా కంటికి కనిపించేది పెద్దగా లేదు. గోరు చుట్టూ కొంచెం తెల్లగా పాలిపోయింది, అంతే. నేను ఆసుపత్రికి చీటీ రాసిచ్చాను. "యాసిడ్ బర్న్" అని రాశాను. డ్యూటీ డాక్టరుగారు చూశారు. కాలిన గాయమేమీ కనపడలేదు. ఆయింట్‌మెంటు రాసి, నొప్పికి సూది ఇచ్చి పంపేశారు.

మర్నాడు సాయంత్రానికి గోరు కింద నల్లబడింది. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక పెద్ద డాక్టరుగారు, వేలు కూడా చూడకముందే, "ఏ యాసిడ్?" అని అడిగారు. హెచ్‌ఎఫ్ అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచారు. "నిన్న రాత్రి ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అన్నారు. సన్నటి సూదితో వేలి చుట్టూ క్యాల్షియం గ్లూకోనేట్ అనే మందు ఎక్కించారు. చూస్తుండగానే ఆ కుర్రాడి మొహం తేటపడింది. ఇరవై గంటలుగా ఏ మందుకీ లొంగని నొప్పి తగ్గింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. వేలు మొదటి కణుపు దాకా తీసేశారు.

చీటీ మీద నేను ఇంకో రెండక్షరాలు రాసి ఉండాల్సింది. అందుకే ఇవాళ మీ చేత రెండుసార్లు అనిపించాను.

ఇప్పుడు, అది ఎందుకలా చేసిందో చూద్దాం. ఇక్కడ కాలేజీ పిల్లలు కూడా ఉన్నారు. మీ పుస్తకంలో హెచ్‌ఎఫ్ బలమైన ఆమ్లమా, బలహీన ఆమ్లమా? బలహీన ఆమ్లం. ఆమ్లం బలాన్ని చెప్పే పీకేఏ విలువ సుమారు 3.2. పరీక్షలో అలాగే రాయండి, మార్కులు పడతాయి. కానీ బలహీనం అంటే మెత్తనిది అనుకోకండి. అసలు దాని ప్రమాదమంతా ఆ బలహీనతలోనే ఉంది.

ఎలాగంటారా? బాత్రూములో వాడే యాసిడ్ ఉంది, అది హైడ్రోక్లోరిక్. నీళ్ళలో పడగానే అందులో హైడ్రోజన్ ఒకవైపు, క్లోరిన్ ఒకవైపు విడిపోతాయి. విడిపోయినవి విద్యుదావేశంతో ఉంటాయి. మన చర్మంలో ఉన్న కొవ్వుపొర వాటిని అంత తేలిగ్గా దాటనివ్వదు. అందుకని అది పైనే గొడవ చేస్తుంది. మంట పుడుతుంది, చెయ్యి లాక్కుంటాం, కడుక్కుంటాం. మంట మనల్ని కాపాడుతుందన్నమాట. హెచ్‌ఎఫ్‌లో అలా కాదు. హైడ్రోజన్, ఫ్లోరిన్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. చాలా భాగం విడిపోకుండా జంటగానే ఉంటాయి. ఆ జంట చిన్నది, ఆవేశం లేనిది. చర్మం దాన్ని అడ్డుకోదు. చప్పుడు లేకుండా పైపొర దాటి, కండ దాటి, లోపలికి దిగిపోతుంది. గోరు కూడా దానికి అడ్డం కాదు. లోపలికి దిగాక అప్పుడు విడిపోతుంది. ఫ్లోరైడ్ బయటికొస్తుంది. వచ్చి దేన్ని వెతుక్కుంటుంది? క్యాల్షియాన్ని.

క్యాల్షియం అంటే ఎముక ఒక్కటే కాదండీ. నరం పలకాలన్నా, కండ ముడుచుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా రక్తంలో క్యాల్షియం కావాలి. ఫ్లోరైడ్ కనిపించిన క్యాల్షియాన్నల్లా పట్టుకుని, నీళ్ళలో కరగని రాయిలా మార్చేస్తుంది. మెగ్నీషియాన్నీ వదలదు. ఆ చోట కణాలు చచ్చిపోతాయి. నరాలు అదుపు తప్పుతాయి, అదే ఆ పిండే నొప్పి. ఎక్కువ యాసిడ్ పడితే రక్తంలో క్యాల్షియమే పడిపోయి గుండె లయ తప్పుతుంది. గుర్తుంచుకోండి, హెచ్‌ఎఫ్ ప్రమాదాల్లో మనిషి చనిపోయేది కాలిన గాయం వల్ల కంటే గుండె ఆగడం వల్లే.

మన అరచెయ్యి, వేళ్ళతో సహా, ఒంటి మీద చర్మం మొత్తంలో సుమారు ఒక శాతం. చిక్కటి హెచ్‌ఎఫ్ రెండున్నర శాతం మేర, అంటే రెండున్నర అరచేతులంత చోట పడి మనిషి ప్రాణం పోయిన కేసు వైద్య పత్రికల్లో ఉంది. వేడినీళ్ళు అంతే మేర పడితే మనం ఇంట్లో మందు రాసుకుని ఊరుకుంటాం.

ఇక నొప్పి ఎప్పుడొస్తుంది? 50 శాతం పైబడిన యాసిడ్ అయితే వెంటనే. 20 నుంచి 50 శాతమైతే గంట నుంచి ఎనిమిది గంటల్లో. 20 శాతం లోపైతే ఒక్కోసారి రోజంతా పట్టొచ్చు. మీ పేస్టులో హెచ్‌ఎఫ్ ఎంత? కొద్ది శాతమే. కొద్ది శాతమే కదా అని ధైర్యం తెచ్చుకుంటారు. కొద్ది శాతం కాబట్టే అది షాపులో నొప్పి పెట్టదు, అర్ధరాత్రి రూములో పెడుతుంది. చుట్టూ తెలిసినవాళ్ళు లేనప్పుడు, డ్యూటీ డాక్టరు ఒక్కరే ఉన్నప్పుడు పెడుతుంది.

నాది కనిగిరి వైపు. మీలో ఆ ప్రాంతం వాళ్ళెవరైనా ఉన్నారా? ఇద్దరున్నారు. మీకు నేను ఫ్లోరైడ్ గురించి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో నా చిన్నప్పుడు నలభై ఏళ్ళకే నడుము వంగి, మెడ తిప్పలేక, మనిషి మొత్తం పక్కకి తిరిగి మాట్లాడేవాళ్ళని చూశాను. పళ్ళ మీద గోధుమరంగు చారలు మా అందరికీ ఉండేవి, ఇదుగో నాకూ ఉన్నాయి. బోరునీళ్ళలో, బావినీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్. దేశంలో ఈ జబ్బుని మొట్టమొదట డాక్టర్లు గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, మా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలోనే. డాక్టర్ల కంటే ముందు రైతులు కనిపెట్టారు. దుక్కికి కట్టిన ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతుంటే చూశారు. తర్వాత నల్లగొండ సంగతి మీ అందరికీ తెలుసు.

ఆ నీళ్ళూ ఈ యాసిడ్డూ ఒకటి కాదు, కంగారుపడకండి. తాగే నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదంటారు, అంత తక్కువ లెక్క అది. కానీ లోపలికి వెళ్ళాక వెతుక్కునేది ఒకటే, క్యాల్షియం. మా ఊరి నీళ్ళు ఇరవై ముప్ఫై ఏళ్ళు తీసుకుని ఎముకలో చేరాయి. హెచ్‌ఎఫ్ గంటల్లో చేరుతుంది. నేను కెమిస్ట్రీ చదవడానికి కారణం మా ఊరి నీళ్ళు. అంత తెలిసీ ఆ రోజు ఏం కాదులే అన్నాను చూడండి, అదీ నా బాధ.

సరే. ఇంత ప్రమాదమైనదాన్ని మరి ఎందుకు తయారుచేస్తున్నారు? మానేయొచ్చు కదా? మానలేం. ఫ్లోర్‌స్పార్ అని ఒక ఖనిజం ఉంది, అది క్యాల్షియం ఫ్లోరైడ్. దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కలిపి వేడిచేస్తే హెచ్‌ఎఫ్ వస్తుంది. షీలే అనే స్వీడన్ శాస్త్రవేత్త 1771లో గాజు పాత్రలో ఈ పనిచేశాడు. అది పాత్రనే తినేసింది! ఇదుగో, ఈ గాజు పలక చూడండి, అటు పంపించండి. ఒకవైపు నున్నగా ఉంది, ఇంకోవైపు పొగమంచు పట్టినట్టుంది, మధ్యలో లత డిజైను. ఆ మసకంతా హెచ్‌ఎఫ్ చెక్కిందే. గోటితో గీకండి, పోదు. అది పూత కాదు, గాజే అంతమేర కరిగింది. అందుకే దీన్ని గాజు సీసాలో పోయకూడదు. ఇలాంటి ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి.

ఇందులోంచి ఫ్లోరిన్ విడదీయాలని ఎంతోమంది ప్రయత్నించి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. బెల్జియంలో లూయే, ఫ్రాన్సులో నిక్లే అనే ఇద్దరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886 జూన్ 26న పారిస్‌లో మొయిసాన్ సాధించాడు. 1906లో ఆయనకి నోబెల్ ఇచ్చారు, మరుసటి ఏడాదే పోయాడు.

ఈ రోజు మన ఇళ్ళలో ఇది లేని మూల లేదు. పాత ఫ్రిజ్‌ల్లో, చాలా ఏసీల్లో తిరిగే గ్యాసు దీని నుంచే. దోసె అంటుకోని పెనం మీద టెఫ్లాన్ దీని నుంచే. అల్యూమినియం తీయాలంటే దీనితో చేసిన లవణాలు కావాలి. సిప్రోఫ్లోక్సాసిన్ మాత్ర వేసుకుంటాం కదా, పేరులో ఉన్న ఆ ఫ్లో అక్షరం ఫ్లోరిన్‌దే. మన ఫోనుల్లో చిప్పులు చెక్కేటప్పుడు సిలికాన్ మీద ఆక్సైడు పొర కరిగించేది ఇదే. యురేనియం ఇంధనానికీ, పెట్రోలు శుద్ధికీ కూడా వాడతారు. మరి మన ఎస్‌ఎస్ సంగతి? స్టీలుకి తుప్పు పట్టకుండా కాపాడేది పైన ఉండే సన్నటి క్రోమియం ఆక్సైడు పొర. వెల్డింగు వేడికి ఆ చోట పొర మాడి, కింద క్రోమియం తగ్గిపోతుంది. ఆ మాడుని నైట్రిక్ ఒక్కటే కరిగించలేదు. హెచ్‌ఎఫ్ తోడుంటేనే ఊడుతుంది. ఊడకపోతే ఆ పాల ట్యాంకు కొన్నాళ్ళకి జాయింటు దగ్గర తుప్పు పడుతుంది. కాబట్టి మీరు చేసే పని అవసరమైన పని, నైపుణ్యం ఉన్న పని. దాన్ని చేసే చెయ్యి క్షేమంగా ఉండాలంటున్నాను, అంతే.

పెద్దమొత్తంలో అయితే సంగతి వేరు. నీళ్ళు కలపని హెచ్‌ఎఫ్ 19.5 డిగ్రీలకే మరిగిపోతుంది. మన బెంగుళూరులో పగలు దాదాపు ఎప్పుడూ అంతకంటే వేడే కదా? అంటే మూత ఊడితే చాలు, అది ఆవిరే. 1986లో అమెరికావాళ్ళు నెవాడా ఎడారిలో ప్రయోగానికి వదిలి చూశారు. పైకి పోతుందనుకున్నది పోలేదు, చల్లటి మబ్బులాగా నేలబారున కిలోమీటర్ల దూరం పాకింది. 2012 సెప్టెంబరు 27న దక్షిణ కొరియాలో గూమి అనే ఊళ్ళో ట్యాంకరు నుంచి దించుతుంటే సుమారు 8 టన్నులు లీకైంది. ఐదుగురు చనిపోయారు. పక్క పల్లెల్లో పొలాలు, తోటలు నిలువునా ఎండిపోయాయి. వేలమంది ఆసుపత్రులకి వెళ్ళారు. తుమకూరు రోడ్డులో మీరు రోజూ లారీలు చూస్తుంటారు. ట్యాంకరు వెనక నారింజరంగు పలక మీద నాలుగంకెల నంబరు ఉంటుంది. 1790 అంటే నీళ్ళు కలిపిన హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. 1052 అంటే నీళ్ళు కలపనిది. ఆ నంబరున్న బండి బోల్తా పడితే ఫోన్లో వీడియో తీయడానికి దగ్గరికి పోకండి. గాలికి అడ్డంగా, దూరంగా పోయి, నంబరు చెప్పి ఫైరువాళ్ళకి ఫోన్ చెయ్యండి.

పెర్త్‌లో 1994లో జరిగింది కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఒక ల్యాబ్ టెక్నీషియన్. ఒంటరిగా పనిచేస్తున్నాడు. 70 శాతం యాసిడ్, ఒకటి రెండు టీగ్లాసులంత, తొడల మీద ఒలికింది. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి, ఒళ్ళో ఏప్రన్ లేదు. క్యాల్షియం జెల్ ఆ ల్యాబులో లేదు. నీళ్ళతో కడుక్కున్నాడు, ఈతకొలనులో దిగాడు. కాలు తీసేసినా దక్కలేదు. పదిహేనో రోజున పోయాడు. చదువుకున్న దేశం, మంచి ల్యాబు. అయినా ఆ రోజు కావలసిన ట్యూబు ఒక్కటి లేదు.

ఆ ట్యూబే ఇది. క్యాల్షియం గ్లూకోనేట్ జెల్, 2.5 శాతం. లాజిక్ ఏమిటో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఫ్లోరైడ్‌కి కావలసింది క్యాల్షియం. మన ఒంట్లోది తీసుకునే ముందే బయటినుంచి మనమే ఇచ్చేస్తున్నాం.

చెయ్యాల్సింది జాగ్రత్తగా వినండి. తగిలింది అని అనుమానం రాగానే, నొప్పి ఉన్నా లేకపోయినా, గ్లవ్స్, చొక్కా, ఉంగరం, వాచీ అన్నీ తీసేసి కుళాయి కింద ధారగా కడగండి. జెల్ చేతిలో ఉంటే ఐదు నిమిషాలు కడిగితే చాలు, వెంటనే జెల్ మొదలుపెట్టండి. జెల్ లేకపోతే అది దొరికేదాకా, ఆసుపత్రికి బయల్దేరేదాకా కడుగుతూనే ఉండండి. జెల్ ఊరికే పూసి వదిలేస్తే సరిపోదు. మర్దన చెయ్యాలి, తెల్లగా ముద్దకడితే తుడిచి మళ్ళీ కొత్తది రాయాలి. రాసేవాళ్ళు తమ చేతికి శుభ్రమైన గ్లవ్స్ వేసుకోవాలి. వేళ్ళకి తగిలితే ఒక మంచి ఉపాయం ఉంది, కొత్త గ్లవ్‌లో జెల్ నింపి ఆ గ్లవ్ తొడిగేయండి, చెయ్యంతా జెల్‌లో మునిగి ఉంటుంది. నొప్పి పోయాక కూడా పావుగంట రాస్తూనే ఉండాలి.

అన్నా, మీరేమో అడుగుతున్నారు. తిమ్మిరెక్కే మందు రాయొచ్చా అనా? వద్దు. మంచి ప్రశ్న అడిగారు. నొప్పికి మొద్దుబారే మందు ఇవ్వొద్దు. ఎందుకంటే నొప్పి తగ్గిందా లేదా అన్నదాన్ని బట్టే క్యాల్షియం సరిపోయిందో లేదో డాక్టరుకి తెలిసేది. ఆ కొలబద్దని మనం పాడుచేయకూడదు.

కంట్లో పడితే ఈ జెల్ పెట్టొద్దు, రెప్పలు విప్పి నీళ్ళతో కడుగుతూ నేరుగా ఆసుపత్రికి. ఆవిరి పీలిస్తే గాలి తగిలే చోటికి తెచ్చి, బాగానే ఉన్నాననేవాణ్ణి కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఊపిరితిత్తుల్లో నీరు గంటల తర్వాత చేరొచ్చు. మింగితే వాంతి చేయించొద్దు.

ఆసుపత్రిలో ఏం చెప్తారు? మీరే చెప్పండి. హెచ్‌ఎఫ్. అవును. హెచ్‌ఎఫ్, ఎంత శాతం, ఎన్నింటికి తగిలింది, ఎంత మేర. ఈ నాలుగూ చెప్పండి. కన్నడంలో చెప్పగలిగినవాళ్ళు కన్నడంలో చెప్పండి, కానీ హెచ్‌ఎఫ్ అనే మాట మాత్రం మార్చకండి. గుండె ఈసీజీ, రక్తంలో క్యాల్షియం చూడమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. డబ్బాతోపాటు ఇచ్చే సేఫ్టీ డేటా షీటు అని కాగితం ఉంటుంది, ఇవాళే షాపులో అడిగి ఫోన్లో ఫోటో తీసిపెట్టుకోండి. విక్టోరియా ఆసుపత్రిలో కాలిన గాయాలకి వేరే విభాగమే ఉంది. ఎక్కడికెళ్ళినా వాళ్ళు ఈ యాసిడ్ పేరు వింటే చెయ్యాల్సింది చేస్తారు. పేరు వినాలి, అంతే.

ఇంకొక్కటి. షాపు ఫస్టెయిడ్ పెట్టెలో ఒక ట్యూబు ఉండాలని అందరూ చెప్తారు. నేను ఇంకోటి చెప్తాను. పేస్టు పనిచేసిన రోజు ఒక ట్యూబు మీతోపాటు రూముకి తీసుకెళ్ళండి. ఎందుకంటే నొప్పి వచ్చేది అక్కడ. ఆ కుర్రాడి దగ్గర ఆ రాత్రి ఇది ఉండి ఉంటే వేలు దక్కేదని నా నమ్మకం. ఓనర్లని అడగండి, సూపర్‌వైజర్లని అడగండి. ఇక్కడ కాంట్రాక్టర్లు కూడా కొందరున్నారు, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఒక టిగ్ వెల్డింగ్ టార్చి సెట్టుతో పోలిస్తే దీని ఖరీదెంత? ఎక్స్‌పైరీ తేదీ చూసి మార్చండి.

ఇప్పుడు అమ్మల కోసం. అపార్టుమెంట్లలో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు చాలామంది వచ్చారు. బోరునీళ్ళ మరకలు, టైల్స్ మీద తుప్పు మరకలు, గ్రానైటు మరకలు పోవడానికి పేరులేని క్యాన్లలో ఏదో తెచ్చిస్తారు కదా. కార్ల చక్రాలు కడిగే మందు కూడా. మామూలు బాత్రూము యాసిడ్ ఘాటుగా ఉంటుంది, అది హైడ్రోక్లోరిక్. దానితోనూ జాగ్రత్తే, బ్లీచింగుతో మాత్రం ఎప్పుడూ కలపకండి. కానీ తుప్పు మరకనీ, గాజు మీద గట్టి మరకనీ తీసే కొన్ని మందుల్లో హెచ్‌ఎఫ్ ఉంటుంది, లేదా అమ్మోనియం బైఫ్లోరైడ్ ఉంటుంది. రెండోది కూడా చర్మం మీద హెచ్‌ఎఫ్ లాగే పనిచేస్తుంది. లేబుల్ లేని క్యాన్ ఇస్తే ముట్టుకోనని చెప్పండి. అది పని ఎగ్గొట్టడం కాదు. మంచినీళ్ళ బాటిల్లో పోసి పెట్టడం అసలే వద్దు. 1982లో జపాన్‌లో ఒక దంతవైద్యుడు పిల్లల పళ్ళకి రాసే సోడియం ఫ్లోరైడ్ అనుకుని పొరపాటున హెచ్‌ఎఫ్ రాశాడు. మూడేళ్ళ పాప చనిపోయింది. ఒకటి అనుకుని ఇంకోటి వాడారు, అంతే జరిగింది.

ఆ సున్నం అన్న తమ్ముడు ఎక్కడ? లేచి నిలబడు నాన్నా. నువ్వు తప్పేమీ అనలేదు. మీ షాపులో అందరూ అలాగే అంటారు, నువ్వూ అన్నావు. కానీ నిజమైన సున్నం ఈ యాసిడ్‌కి విరుగుడు. నేల మీద ఒలికితే సున్నం పొడి చల్లాలి. ఇసుక పోయకండి, ఇసుకలో ఉన్నది గాజులో ఉన్నదే, దానితో కలిస్తే ఇంకో విషవాయువు పుడుతుంది. కడిగిన నీళ్ళని కూడా సున్నంతో కలిపి తేర్చాకే వదలాలి. సున్నంలో క్యాల్షియం ఉంది కదా, ఫ్లోరైడ్ దాన్ని పట్టుకుని అడుగున తెల్లటి మడ్డిగా కూర్చుంటుంది. ఆ మడ్డి ఏమిటో తెలుసా? క్యాల్షియం ఫ్లోరైడ్. గనిలోంచి తవ్వి తెచ్చిన ఫ్లోర్‌స్పార్ కూడా అదే పదార్థం. ఇప్పుడు ఆలోచించండి. విరుగుడు పేరుతో విషాన్ని పిలుస్తున్న షాపులో, కొత్తగా చేరిన కుర్రాడితో "అక్కడ సున్నం పడింది తుడువు" అంటే వాడు ఏ గుడ్డతో తుడుస్తాడు? చేతికి ఏం వేసుకుంటాడు? రేపటినుంచి మీ షాపులో సున్నాన్ని సున్నం అనండి. దీన్ని హెచ్‌ఎఫ్ అనండి. కూర్చో నాన్నా.

నాకిచ్చిన టైము అయిపోయింది, ఒక్క పని మిగిలింది. గ్లవ్స్. నూలు గ్లవ్స్ పనికిరావు, అవి యాసిడ్‌ని పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి. డాక్టర్లు వాడే పల్చటివీ చాలవు. మందంగా ఉండే నియోప్రీన్ రబ్బరువి కావాలి, మోచేతి దాకా. అవి కొత్తవైనా నమ్మకండి. ఆ కుర్రాడి గ్లవ్‌కి చూపుడువేలి చివర ఉన్న చిల్లు సూది మొన కంటే పెద్దది కాదు. తర్వాత నేనే నీళ్ళు పోసి చూశాను. ఒక్కో చుక్కే వచ్చింది, చాలాసేపు నొక్కి పట్టుకుంటే గానీ రాలేదు.

మీ అందర్నీ వాడే గ్లవ్స్ తెమ్మన్నాం. బాగా కడిగినవేనా? కడగనివాళ్ళు తీయకండి, సంచిలోనే ఉంచండి. మిగతావాళ్ళు వరుసగా బల్ల దగ్గరికి రండి, ఇక్కడ రెండు బకెట్ల నీళ్ళున్నాయి. ఇలా నింపి, మణికట్టు దగ్గర మెలిపెట్టి, కిందికి వేళ్ళ వైపు నొక్కాలి. చూపుడువేలు, బొటనవేలు చివర్లు ముందు చూడండి, బ్రష్షు పట్టేది వాటితోనే. చుక్క కనిపించిన గ్లవ్స్ ఈ డ్రమ్ములో వెయ్యండి, ఇంటికి తీసుకెళ్ళొద్దు. అమ్మా, మీవి ముందు చూద్దాం, రండి.